తప్పని తేల్చబోయి గీసిన గీత

గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల సోడియం దిమ్మ, పక్కన చిన్న కత్తి. బయటి నుంచి విద్యుదయస్కాంతంతో కత్తిని తిప్పితే పైపొర చెక్కుకుపోయి కొత్త మెరుపు బయటపడుతుంది. గాలి సోకితే ఇట్టే మసకబారే లోహం మరి! షికాగో విశ్వవిద్యాలయంలోని రైర్సన్ ప్రయోగశాలలో రాబర్ట్ మిల్లికన్ ఇంత తతంగం పెట్టుకున్నది ఒక్క సరళరేఖ కోసం.

లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు ఎగిరివస్తాయి; ఇదే కాంతి విద్యుత్ ఫలితం. వాటిని ఆపడానికి ఎంత ఓల్టేజీ కావాలో కొలిచి, కాంతి పౌనఃపున్యంతో గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలని, ఏ లోహమైనా దాని వాలు ఒకటే ఉండాలని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. కాంతి పొట్లాలుగా వస్తుందన్న ఆ ఊహ మిల్లికన్‌కు మింగుడుపడలేదు. దాని సంగతి తేల్చడానికే పదేళ్లు ధారపోశాడు.

పాదరస దీపపు కాంతిని విడదీసి ఒక్కో రంగునూ సోడియం మీద వేశాడు. రంగుకొక చుక్క. చుక్కలన్నీ బుద్ధిగా ఒకే గీత మీద కూర్చున్నాయి.

ఇక మిగిలింది ఇంటర్ పిల్లలు వల్లెవేసే ‘వై ఈజీక్వల్టు ఎమ్మెక్స్ ప్లస్ సి’. గీత మీద రెండు బిందువులు చాలు. అవి ఎంత దూరంగా ఉంటే కొలతలోని చిన్న పొరపాటు వాలును అంత తక్కువగా చెడగొడుతుంది. ఆకుపచ్చ నుంచి అతినీలలోహితం దాకా అడ్డంగా పౌనఃపున్యం తేడా సుమారు 6.33 × 10¹⁴ హెర్ట్జ్‌లు. నిలువుగా గీత ఎక్కింది దాదాపు 2.61 ఓల్టులు. నిలువును అడ్డంతో భాగిస్తే వాలు 4.12 × 10⁻¹⁵. అదే ‘ఎమ్’. లిథియంతో చేసినా దాదాపు అంతే వచ్చింది. ఇక ‘సి’ అంటే నిలువు అక్షాన్ని గీత ఖండించే చోటు. లోహాల మధ్య సహజంగా ఉండే ఓల్టేజీని సరిచేశాక, అది లోహం గడప దాటడానికి ఎలక్ట్రాన్ కట్టే సుంకం లెక్క చెబుతుంది.

వాలును ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే ప్లాంక్ స్థిరాంకం వస్తుంది. ఆ ఆవేశాన్ని అంతకుముందే నూనె బిందువులతో కొలిచినవాడూ మిల్లికనే. 1916లో ఆయన ప్రకటించిన విలువ నేటి ప్రమాణాల్లో 6.57 × 10⁻³⁴ జౌల్ సెకన్లు. నేటి విలువ 6.626. తేడా ఒక్క శాతం లోపే.

చిత్రమేమిటంటే, ఐన్‌స్టీన్ సమీకరణం నిజమని తేల్చిన ఆ వ్యాసంలోనే, దాని వెనకున్న కాంతి పొట్లాల సిద్ధాంతం నిలవదని మిల్లికన్ రాశాడు. నోబెల్ కమిటీదీ అదే జాగ్రత్త. 1921 సంవత్సరపు బహుమతిని ఐన్‌స్టీన్‌కు ఇస్తూ కాంతి విద్యుత్ ఫలిత నియమాన్ని పేర్కొంది, పొట్లాల ఊసెత్తలేదు.