భైరవానితిప్ప కాలువ కింద పెత్తనం తగవులు

గుమ్మఘట్ట ప్రాంతపు చరిత్ర మీద ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించీ గుళ్ల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఎన్నుకొన్న విషయం కాస్త చిన్నది. ఆస్తి ఎవరిది వారిదే అయి, దానికి ప్రాణాధారం మాత్రం ఉమ్మడిగా ఉన్నచోట పెత్తనం ఎవరు చేయాలి? మన పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఫ్లాట్లు కొనుక్కొని, అక్కడి మెయింటెనెన్సు సంఘం అధ్యక్షుడి మీద ఫోనులో మనతో మొరపెట్టుకోవడం చాలామందికి అనుభవమే. లెక్కలు చూపడు, మీటింగు పెట్టడు, బోరు రిపేరు తనవాళ్లకే ఇచ్చాడు – ఈ ధోరణిలో సాగుతుంది. అవే మాటలు మన భైరవానితిప్ప కాలువ గట్టు మీద కూడా వినబడతాయి.

ముందు ప్రాజెక్టు సంగతి. వేదవతిని మనం హగరి అంటాం. ఎగువన మారికణివె వద్ద మైసూరు సంస్థానం వారు 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టారు. ఏటి నీటి మీద ఎగువ దిగువల తగవు అంతకుముందే ఉంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు చేసుకొన్న ఒప్పందపు నదుల జాబితాలో వేదవతి పేరూ ఉంది. అప్పట్లో రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన జిల్లాలో చేరింది. భైరవానితిప్ప డ్యాము 1961లో పూర్తయింది. కుడి, ఎడమ కాలువల కింద ఆయకట్టు 12 వేల ఎకరాలని కాగితం మీద లెక్క. ఎగువ వాణీవిలాసం 1933లో పొంగిన తర్వాత మళ్లీ 2022లో గాని పొంగలేదు. ఇక కింద మనకు దిగే నీరెంతో చదువరులే ఊహించుకోవచ్చు.

ఇంత తక్కువ నీటికి పెద్దరికం చేసేదెవరు? పాత చెరువుల కింద ఆ పని నీరుగంటి చేసేవాడు. తూము తీయడం, మడి మడికీ నీరు కట్టడం అతని బాధ్యత. పంట కళ్లంలో అతనికి మేర కొలిచి ఇచ్చేవారు. చెరువు మరమ్మతు చూసేవారికి దశబంధం ఇనాములుండేవి. ఊరంతా కలిసి పూడిక తీసి, గట్టు వేసుకొనే కుడిమరామత్తు ఆచారానికి మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం బలం కూడా ఇచ్చింది. రానివాడి చేత బలవంతంగానైనా పని చేయించవచ్చు. ఆ కాలాన్ని మరీ బంగారు కాలంగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. నీరుగంటి కులం ఏదో, అతనికి ఎవరి ఇంటి ముందు ఎంత దూరంలో నిలబడే హక్కుండేదో మనకు తెలియనిది కాదు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. 1984లో గ్రామాధికారుల పదవులు పోయాయి, కరణం లెక్క పోయింది. కాలువ పూర్తిగా ఇంజనీర్ల చేతిలో మిగిలింది.

అప్పుడు వచ్చింది 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం. రాష్ట్రమంతటా 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒక్క పెట్టున నిలబెట్టారు. జూన్‌లో ఎన్నికలు జరిగాయి. మన భైరవానితిప్ప వంటి మధ్యతరహా ప్రాజెక్టుకు రెండంచెలు: కింద సంఘాలు, పైన ప్రాజెక్టు కమిటీ. ఒక్కో సంఘం ఆయకట్టును ప్రాదేశిక నియోజకవర్గాలుగా చీల్చి, ఒక్కోదానికి ఒక సభ్యుణ్ని ఎన్నుకొన్నారు. అధ్యక్షుణ్ని సభ్యులందరూ రహస్య ఓటుతో నేరుగా ఎన్నుకొన్నారు. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారిదే. నాట్లు వేసి కలుపు తీసే ఆడవారి పేరు పాసుపుస్తకంలో లేకుంటే సంఘంలో వారికి ఓటు లేదు. అపార్టుమెంటులోనూ ఇంతే గదా, ఇల్లు నడిపేది ఒకరు, రిజిస్ట్రేషను మరొకరి పేరన.

ఆ రోజుల్లో నీటి తీరువా కూడా పెంచారు. పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి పంట వరికి ఎకరా 60 రూపాయలున్నది 200 అయింది. వసూలైనదానిలో సంఘాలకూ వాటా అన్నారు. కాలువ పూడిక, తూముల మరమ్మతు సంఘాల ద్వారానే చేయించారు. తగవు అక్కడ పుట్టింది. నీటి కోసం పోట్లాట ఎప్పుడూ ఉన్నదే; పనుల బిల్లుల కోసం పోట్లాట మాత్రం కొత్తది. నేరుగా గెలిచిన అధ్యక్షుడికి కమిటీ సభ్యుల అవసరం పెద్దగా లేదు. చాలాచోట్ల ఆయనే కాంట్రాక్టరయ్యాడు. తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టడం వరకే సభ్యుల పని.

తగవు తీర్చే ఏర్పాటు చట్టంలో ఉన్నది, చదవడానికి ఇంపుగానూ ఉన్నది. సభ్యుల మధ్య వస్తే సంఘం కమిటీ, సభ్యుడికీ కమిటీకీ వస్తే పైకమిటీ, 15 రోజుల్లో తేల్చాలి. పట్నంలో ఫ్లాట్ల సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరయితే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోవాలి. 1964 సహకార చట్టం కింద గృహనిర్మాణ సంఘమైతే 61వ సెక్షను కింద రిజిస్ట్రారు ముందుకు పోవాలి. వాటితో పోలిస్తే రైతుకు ఖర్చు లేదు, వకీలు లేడు. చిక్కల్లా పైకమిటీలో కూర్చున్నది కింది సంఘాల అధ్యక్షులే కావడం. తనలాంటి అధ్యక్షుడి మీద వచ్చిన ఫిర్యాదును అధ్యక్షుడు ఎంత గట్టిగా విచారిస్తాడు? అధ్యక్షుణ్ని వెనక్కి పిలిచే హక్కూ ఇచ్చారు. మొదటి ఏడాది గడిచాక ఓటర్లలో మూడో వంతు మంది సంతకాలు పెట్టి నోటీసు ఇవ్వాలి. ఒక ఊరిలో మూడో వంతు సంతకాలంటే సగం బంధుత్వాలు తెగినట్టే.

మొదటి కమిటీల అయిదేళ్ల గడువు 2002లో ముగిసింది. 2003లో చట్టం సవరించి, అధ్యక్షుణ్ని ప్రాదేశిక సభ్యులే తమలో నుంచి ఎన్నుకొనేటట్లు మార్చారు. సభ్యుల్లో మూడో వంతు రెండేళ్లకోసారి దిగిపోయే పద్ధతి పెట్టారు. నా దృష్టిలో ఈ సవరణ సబబే. కొద్దిమంది సభ్యుల మద్దతు నిలుపుకోవలసినవాడు వాళ్లకు లెక్క చెప్పక తప్పదు. అయితే ఆ కొద్దిమందిని చేత పట్టుకొంటే చాలు కుర్చీ దక్కుతుందన్న లౌక్యం కూడా దానితోనే వచ్చింది. ఎన్నికలు వేళకు జరిగితే ఆ లౌక్యం కొంతవరకైనా అదుపులో ఉండేది. తర్వాతి కాలంలో అవి వేళకు జరగలేదు. కమిటీ లేని ఏళ్లలో అజమాయిషీ మళ్లీ ఇంజనీరుదే.

2024 డిసెంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఈసారి రహస్య ఓటు లేదు, చేతులెత్తే పద్ధతి. పోటీకి కావలసిన బకాయి లేదన్న ధ్రువపత్రాలు తమవారికి ఇవ్వడం లేదని ప్రతిపక్షం ఆరోపించి బహిష్కరించింది. ఆ ఆరోపణలో నిజమెంతో తేల్చడం నా పని కాదు. చేతులెత్తే పద్ధతి గురించి మాత్రం ఒక మాట అంటాను. ఫ్లాట్ల సంఘంలో ఓడిన పక్షంవాడికి మహా అయితే అధ్యక్షుడు లిఫ్టులో పలకరించడు. కాలువ చివరి మడివాడి సంగతి అది కాదు. తూము దగ్గరి రైతు అధ్యక్షపదవికి నిలబడితే, చేయి ఎత్తనివాడెవడో ఆయన కళ్లారా చూస్తాడు. ఆ ఏడు డ్యాములో నాలుగు తడులకు సరిపడా నీరు చేరిందనుకోండి, రాత్రి పూట షట్టరు ఎత్తమని ఆయన ఇంటికే పోయి అడగాలి.