మెక్టిజాన్ ఒప్పందం: గడువులేని వాగ్దానం, లెక్కకెక్కని శ్రమ

అంతర్జాతీయ అభివృద్ధిలో కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు చేతులు కలిపిన ప్రతిచోటా ఎవరెంత ఇచ్చారన్న ప్రశ్నే ముందుకొస్తుంది. ఎంతకాలం ఇస్తామన్నారు, ఇచ్చినది ఎవరి చేతుల మీదుగా జనానికి చేరింది అన్న ప్రశ్నలు వెనకబడతాయి. రివర్ బ్లైండ్‌నెస్ నివారణకు మెర్క్ కంపెనీ 1987లో ప్రకటించిన మెక్టిజాన్ మందు ఉచిత సరఫరాను ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలతో పరిశీలిస్తుంది.

వేగంగా పారే ఏళ్లలో పెరిగే నల్ల ఈగలు కుట్టినప్పుడు ఒంకోసెర్కా అనే పురుగు మనిషి ఒంట్లో చేరుతుంది. పెద్ద పురుగు పదేళ్లకు పైగా బతుకుతుంది. దాని పిల్లలు చర్మంలో తిరుగుతూ భరించలేని దురద పుట్టిస్తాయి, కంటికి చేరితే చూపు పోతుంది. పశ్చిమాఫ్రికాలో జనం ఈ భయంతో సారవంతమైన నదీతీరాలనే వదిలిపోయారు. బోదకాలుకు మనం నేటికీ వాడే డైఇథైల్‌కార్బమజైన్ ఇక్కడ పనికిరాలేదు. లెడర్లే ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వచ్చిన ఆ మందు ఈ రోగుల్లో తీవ్రమైన ప్రతిచర్య తెచ్చి, కంటికే చేటు చేయగలదు.

ఐవర్‌మెక్టిన్ (దాని మానవ వినియోగపు పేరే మెక్టిజాన్) పిల్లపురుగులను చంపుతుంది, పెద్ద పురుగును చంపదు. కాబట్టి దాని ఆయుష్షు తీరేదాకా ఏటా మందు వేస్తూనే ఉండాలి. మూడేళ్లకో ఐదేళ్లకో ముగిసే గ్రాంటు ఇందుకు చాలదు. మందు కొనిపెట్టే దాతలు దొరక్కపోవడంతో మెర్క్ అధిపతి రాయ్ వాజెలోస్ కావలసినంత మందు, కావలసినంత కాలం ఉచితంగా ఇస్తామన్నారు. ఒప్పందానికి ప్రాణం ఆ రెండో మాటే అని నా అభిప్రాయం. అయితే ఇదే మందు పశువైద్యంలో ఆ కంపెనీకి భారీ ఆదాయం తెచ్చిపెట్టింది. అంతటి వెసులుబాటు ప్రతి కంపెనీకీ ఉండదు.

మందు ఎక్కడ, ఏ షరతులపై ఇవ్వాలన్న నిర్ణయం స్వతంత్ర నిపుణుల కమిటీకి దక్కింది. దానికి ఆసరాగా నిలిచింది విలియం ఫేగీ నడిపిన లాభాపేక్షలేని సంస్థ, టాస్క్ ఫోర్స్ ఫర్ చైల్డ్ సర్వైవల్. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే మరో పురుగు ఒంట్లో విపరీతంగా ఉన్నవారికి ఈ మందుతో మెదడుకు ముప్పు వచ్చినప్పుడు, జాగ్రత్తలు నిర్దేశించడంలో ఈ కమిటీ పాలుపంచుకుంది. మందు ఇచ్చే కంపెనీ చేతిలోనే నిర్ణయం ఉండి ఉంటే ఆ జాగ్రత్తలపై జనానికి నమ్మకం కలిగేది కాదు.

మొదట్లో సంచార బృందాలు ఊరూరా తిరిగి మందు వేసేవి. ఖర్చు ఎక్కువ, చేరేది తక్కువ. 1990ల చివరినుంచి పంపిణీని గ్రామాలకే అప్పగించారు. ఎవరు పంచాలో, ఎప్పుడు పంచాలో ఊరే తేల్చుకుంటుంది. తూకం యంత్రం అక్కర్లేదు, గుర్తులు పెట్టిన కర్రతో ఎత్తు కొలిచి మాత్రల సంఖ్య నిర్ణయిస్తారు. కార్టర్ సెంటర్, సైట్‌సేవర్స్, హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలు శిక్షణ, పర్యవేక్షణ చూశాయి.

ఇంటింటికీ నడిచి మందు వేసినవారు ఎక్కువమంది జీతం లేని రైతులు, గృహిణులు. మాత్రలకు విలువ కట్టారు; పొలం పని మానుకున్న వాళ్ల రోజులకు కట్టలేదు. ఉగాండాలో బంధువర్గాల వారీగా ఎక్కువమందిని ఎంచుకుని ఒక్కొక్కరి భారం తగ్గించారు. మంచి ఉపాయమే, కానీ అది శ్రమను పంచింది, కూలి చెల్లించలేదు.

కొలంబియా 2013లో, ఈక్వడార్ 2014లో, మెక్సికో 2015లో, గ్వాటెమాలా 2016లో ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆఫ్రికాలో తొలిసారి నైజర్‌కు ఆ గుర్తింపు 2025లో దక్కింది. ఇకపై ఇలాంటి భాగస్వామ్యాల నివేదికల్లో కంపెనీ ఇచ్చిన సరుకు విలువ పక్కనే వాగ్దానపు గడువును, గ్రామ పంపిణీదారుల శ్రమ విలువను కూడా నమోదు చేయాలి.