ఖౌఫ్, దహ్షత్, వహెం: రాజోలు నవల నుంచి ‘మసూద’ దాకా

భయానికి మన ఉర్దూలో చాలా పేర్లున్నాయి. తలుపు ధన్‌మని కొట్టుకుంటే కలిగేది దహ్షత్. ఎదురుగా పామో, దుష్మనో ఉంటే కలిగేది ఖౌఫ్. ఇవి రెండూ కారణం తెలిసిన భయాలే. మూడోది వహెం. ఆ అలికిడి బయటి నుంచి వచ్చిందా, నా దిమాగ్‌లోనే పుట్టిందా అని తేల్చుకోలేకపోవడం. సైకలాజికల్ హారర్ సినిమా అసలైన ఇలాకా ఈ వహెమే. దహ్షత్ హాల్లోంచి బయటికి రాగానే పోతుంది. వహెం మనతోపాటు ఇంటికొచ్చి పడుకుంటుంది.

తెలుగులో ఈ వహెం తారీఖ్ రాస్తే కోనసీమ పేరు మొదటి సఫాలోనే ఉంటుంది. యండమూరి వీరేంద్రనాథ్ 1948లో పుట్టింది రాజోలులో. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో ఆయన ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చింది. ఆస్తి కోసం ఓ పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగం. కాద్రా అనే మాంత్రికుడు. ఇటు పిల్లను బతికించుకోవాలని తండ్రి పడే తపన. ఆ కథ పాఠకుణ్ణి రెండు దారుల మధ్య నిలబెడుతుంది: ఇది చేతబడా, లేక సైన్సుతో చెప్పగలిగిన జబ్బా?

అప్పటిదాకా మన కథల్లో దయ్యాలు పాడుబడ్డ బంగళాల్లో, ఊరి చివర చింతచెట్ల మీద ఉండేవి. యండమూరి వాటిని చదువుకున్న ఉద్యోగస్తుడి ఇంట్లోకి తెచ్చాడు. డాక్టర్లున్నారు, మందులున్నాయి, అయినా పిల్ల నీరసించిపోతోంది. ఆ బేబసీలోనే పాఠకుడికి నిద్ర పట్టలేదు. జ్వరం తగ్గని బిడ్డను ఎత్తుకుని ఒకరోజు ఆసుపత్రికి, మర్నాడు దర్గాకి తావీజు కోసం తిరిగిన ఏ అమ్మీ, అబ్బాకైనా ఆ హాలత్ తెలుసు. యకీన్ రెండుగా చీలిపోయిన మనిషిని భయపెట్టడానికి దయ్యం అక్కర్లేదు.

దీని మీద ఐతరాజ్ కూడా గట్టిగానే వచ్చింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఏకంగా ఓ పుస్తకమే రాశారు. ఆ ఐతరాజ్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేం. పుస్తకంలోని వహెం పుస్తకంలోనే ఉండిపోతే అది వినోదం. ఊళ్లోకి నడిస్తే ఎవరో ఒంటరి ముసలమ్మ గుమ్మం దగ్గరే ఆగుతుంది. చేతబడి, బాణామతి చేస్తున్నారన్న షక్‌తో తెలుగు పల్లెల్లో మనుషుల పళ్లు పీకారు, తగలబెట్టి చంపారు. అక్కడ జిన్ను ఎవరికీ కనబడలేదు. కనబడినవాళ్లంతా ఇన్సానులే.

ఇక సినిమా సంగతి. ‘తులసి’ నవల నుంచి 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. నవల రెండు మానేలను పక్కపక్కనే ఉంచగలదు. కెమెరాకి చూపించాలనే తొందర ఎక్కువ. చూపించాక వహెం తగ్గి దహ్షత్ మాత్రమే మిగులుతుంది. ఈ ముష్కిల్ రామ్‌గోపాల్ వర్మకు అర్థమైంది. 1992 ‘రాత్రి’లో రేవతిని ఆయన మనుషులుండాల్సిన చోట, మనుషులు లేకుండా నిలబెట్టాడు. మరుసటి ఏడాది మలయాళంలో ఫాజిల్ ‘మణిచిత్రతాళు’ తీశాడు. మనం 2005లో ‘చంద్రముఖి’గా చూసింది ఆ కథనే. అక్కడ దయ్యం లేదు, గాయపడ్డ మనసుంది. పట్టిన పీడకి ఇలాజ్ కూడా ఉంది. ఆ ఇలాజ్ దొరికాక భయం పోయి రహమ్ మిగులుతుంది.

2022 నవంబరులో సాయికిరణ్ ‘మసూద’ వచ్చింది. సంగీత చేసిన నీలం ఒంటరి తల్లి, టీచరు. కూతురు నాజియా తీరు మెల్లగా మారుతుంటుంది. పక్కింటి గోపి స్వతహాగా పిరికివాడు. మొదటి సగం ఖాలిస్ వహెం: నా బిడ్డ నా బిడ్డేనా? అంతకంటే భయంకరమైన సవాల్ ఏ తల్లికైనా ఉంటుందా? తర్వాత మాత్రం ఆ భయమంతా ఓ బురఖాలోకి వెళ్లిపోతుంది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే దారి చూపే బాబా కూడా ఆ సినిమాలో ముస్లిమే. అయినా మసూద అంటే అరబీలో ‘నసీబు గలది’ అని అర్థం. తెలుగు ప్రేక్షకుడి చెవిలో ఇప్పుడు అది దయ్యం పేరు. నా దిల్‌కి ముల్లులా తగిలేది అదే.

ఇదే బట్టను 2016 ఫారసీ సినిమా ‘అండర్ ది షాడో’లో బాబక్ అన్వరీ వేరేగా వాడాడు. ఇరాన్-ఇరాక్ జంగ్ రోజులు, టెహ్రాన్ మీద క్షిపణులు పడుతున్నాయి. ఇంట్లో జిన్ను ఉందన్న భయంతో షిదే బిడ్డనెత్తుకుని తల మీద ముసుగు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. ముసుగు లేనందుకు హుకూమత్ ఆమెను పట్టుకుంటుంది. ఆ తర్వాత జిన్ను చాదర్ రూపంలోనే వస్తుంది. అక్కడ భయం చాదర్ కట్టుకున్న ఔరత్ గురించి కాదు, దాన్ని ఆమె మీద కప్పిన తాకత్ గురించి. మన ఇళ్లల్లో ‘సాయా పడింది’ అంటామే, ఆ సాయా అసలు ఎవరిదో ఆ సినిమా అడిగింది.

ఖురాన్‌లోని ఆఖరి సూరా, సూరా అన్నాస్, వస్వసా నుంచి పనాహ్ కోరుకోమంటుంది. గుండెల్లో గుసగుసలు నూరిపోసేది జిన్నాత్ మాత్రమే కాదనీ, మనుషులు కూడా ఆ పని చేస్తారనీ చెబుతుంది. సైకలాజికల్ హారర్‌కి ఇంతకంటే పక్కా కొలమానం నాకు తెలీదు. సినిమా చూశాక నా లోపలి గుసగుసకి జడిశానంటే అది కామ్‌యాబ్. అమలాపురం బస్టాండులో బురఖా వేసుకుని నిలబడ్డ ఎవరి అమ్మీనో చూసి ఓ పిల్లాడు జడిశాడంటే, అది వస్వసా.