తీరమును కడిగిన చేతులు

బెంగళూరులోని కాటన్‌పేటకు కన్నడమున అరళెపేట యని పేరు. అరళె యనగా ప్రత్తి. పేరును బట్టియే ఆ వీధుల పూర్వ వ్యాపారమేదో తెలియుచున్నది. అక్కడ పరుపులు కుట్టు ఒక వృద్ధుని దుకాణములో నేనొకనాడు కూర్చుండి యుండగా, కుట్టుమిషను నుండి నూనె కారి బల్లమీద పారినది. ఆయన చెంతనున్న తెల్లని దూదిని ముట్టలేదు. గింజ తీసిన పచ్చి ప్రత్తిని గుప్పెడు తీసి దానిపై అద్దెను. “ఉడకబెట్టిన దూది నీళ్లు తాగుతుందండీ, పచ్చి పత్తి నూనె తాగుతుంది” అనెను. ఈ మాట శాస్త్రసమ్మతము. పచ్చి ప్రత్తి పోగుపై సహజమైన మైనపు పొర యొకటి యుండును. అది నీటిని తోసివేసి నూనెను పట్టుకొనును. ఉడికించి తెల్లబరచినచో ఆ గుణము పోవును.

కడలికి సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్న ఆ దుకాణములో, ఆ ముదుసలి మాట విన్నంతనే నాకు ఎన్నూరు తీరము జ్ఞప్తికి వచ్చినది. 2017వ సంవత్సరమున అచ్చట చమురు కొట్టుకొనివచ్చి ఒడ్డును ముంచినపుడు యంత్రములు చేయజాలని పనిని మనుష్యుల చేతులు చేసినవి. అట్టి ఆపదలలో తీరమును కడుగవలసిన వారెవరు? ఆజ్ఞాబద్ధులైన సాయుధ దళములవారా, ఆ యొడ్డుననే పుట్టి పెరిగిన పల్లెజనులా? ఈ ప్రశ్న మన దేశమున క్రొత్తగా పుట్టినది కాదు. దీనికి అరువదేండ్ల చరిత్ర కలదు.

1967 మార్చి 18వ తేదీన ‘టోరీ కాన్యన్’ అను పెద్ద చమురు నౌక ఇంగ్లండు నైరృతి కొనయందు, కార్న్‌వాల్ తీరమునకును సిల్లీ దీవులకును నడుమ నున్న సముద్రశిలల కొట్టుకొని చిక్కుబడెను. అందు దాదాపు 1,19,000 టన్నుల కువైటు ముడి చమురు కలదు. అంతటి చమురు ఒక్కమారుగా కడలి పాలగుట అంతకుముందు ఎవరును చూచి యెరుగరు. కావున బ్రిటిషు ప్రభుత్వము తనకు తెలిసిన విద్యనే ప్రయోగించెను. మార్చి 28వ తేదీ మొదలుకొని నౌకాదళ, వాయుదళ విమానములు ఆ యోడపై బాంబులు కురిసెను. మిగిలిన చమురును మండించుటకై నేపామును సైతము పోసెను. శత్రువన్నచో దగ్ధము చేయవలెననుట సైనిక నీతి. చమురు శత్రువు కాదని ఆనాడెవరికిని తోచలేదు కాబోలు!

ఒడ్డున జరిగినది ఇంతకంటె విచారకరము. సైనికులు, అగ్నిమాపక దళమువారు, గ్రామస్థులు కలసి దాదాపు 10,000 టన్నుల డిటర్జెంటు ద్రవమును శిలలపై చల్లిరి. నల్లని జిడ్డు కంటికి కనబడకుండ పోయెను. కాని ప్లిమత్ నగరమందలి సముద్ర జీవశాస్త్ర పరిశోధకులు పరీక్షించి చూడగా, చమురుకంటె ఆ ద్రవమే ప్రాణాంతకమని తేలెను. రాళ్లనంటుకొని పాచిని మేయు నత్తగుల్లలు గుట్టలుగా చచ్చినవి. మేయువి లేకపోగా శిలలు పచ్చని నాచుతో నిండిపోయినవి. ద్రవము చల్లని తీరములు రెండు మూడేండ్లలో కోలుకొనగా, మిక్కుటముగా చల్లిన చోటులకు పదేండ్లు, అంతకు మించియు పట్టినది. ఇందు సైనికులది దోషమనుట న్యాయము కాదు. వారు చెప్పినది చేసిరి. చెప్పువారు ఆ తీరమున ఏ ప్రాణి యెట్లు బ్రతుకుచున్నదో అడుగకయే చెప్పిరి. దోషమదియే.

ఇరువది రెండేండ్ల తరువాత అలాస్కాలో ఈ ప్రశ్న వేరొక రూపము దాల్చెను. 1989 మార్చి 24న ‘ఎక్సాన్ వాల్డెజ్’ నౌక బ్లై దిబ్బపై నెక్కి దాదాపు 37,000 టన్నుల చమురును విడిచెను. సైన్యమును పిలువుడని దేశమంతట కేకలు లేచినవి. ఏప్రిలు మాసమున అధ్యక్షుడు జార్జి బుష్ సైనిక సాధన సంపత్తిని వినియోగింపుడని ఆదేశించెను. అయినను వేలకొలది సైనికులు పారలు పట్టి ఒడ్డునకు దిగలేదు. నౌకాదళపు పెద్ద ఓడలు వచ్చినవి కాని, పనివారికి తేలియాడు వసతి గృహములుగా వచ్చినవి! ‘జూనో’ అను యుద్ధనౌక అందొకటి. రాళ్లు తుడిచినది మాత్రము కూలికి కుదిరిన జనులే. ఆ వేసవిలో దాదాపు పదునొకండు వేలమంది ఆ పనిలో ఉండిరి.

సైనికుని ఎచ్చటికి పంపినను అతని జీతము అతనికి వచ్చును. హెర్రింగు చేపల ఋతువు చెడిన జాలరికి ఆ యేడు వేరు జీతమెక్కడిది? కావున ఒడ్డును శుభ్రము చేయు కూలి తమకే దక్కవలెనని వారు కోరుట ధర్మమే. గంటకు 16 డాలర్ల 69 సెంట్ల కూలి ముట్టెను. అయితే అందునుండియే క్రొత్త కలహము పుట్టెను. పడవలను అద్దెకిచ్చి మిక్కిలి సంపాదించిన వారిని ఇరుగుపొరుగువారు ‘చమురు లక్షాధికారులు’ అని ఎత్తిపొడువ సాగిరి. నేరము చేసినవాని డబ్బు పుచ్చుకొనమని కొందరు పనికి పోనేలేదు. ఒక్క యూరిలో, ఒక్క యింటిలో సైతము మనస్సులు విరిగెను. తమ ఏటిమొగలను తామెరిగిన కార్డోవా జాలరులు మాత్రము ఎవరి యాజ్ఞకును ఎదురు చూడక, సొంత పడవలపై తేలు అడ్డుకట్టలు మోసికొనిపోయి సామిల్ అఖాతమందలి సామను చేపపిల్లల కేంద్రమును కాపాడుకొనిరి. ఆ మొదటి దినములలో ఫలించిన పని ఏదైన నున్నచో అది వారిది.

జపానులో 1997 జనవరిలో ‘నఖోద్కా’ అను రష్యా నౌక విరిగినపుడును ఇంతే. చలిగాలిలో వేలమంది కొయ్య గరిటెలతో, బకెట్లతో జిగురు చమురును తోడి, చేయి నుండి చేతికి అందించుచు నిలువబడిరి.

ఇక మన తీరమునకు వత్తము. భారత తీర రక్షక దళము 1978వ సంవత్సరపు శాసనమున ఏర్పడినది. రక్షణ మంత్రిత్వ శాఖ క్రిందిది. సముద్రముపై చమురు ఒలికినపుడు సమన్వయ బాధ్యత 1986 నుండి ఆ దళమునదే. 1996లో ఇందుకై జాతీయ ప్రణాళిక యొకటి వెలువడినది. దాని ప్రకారము నడిసముద్రము దళమునది. రేవు హద్దులలోని నీరు రేవు యాజమాన్యమునది. ఒడ్డు రాష్ట్ర ప్రభుత్వమునది. కాగితముపై ఈ పంపకము చక్కగనే యున్నది. కాని చమురు కాగితము చదువదు గదా! అది అలపై వచ్చినంతసేపు దళమువారి ఓడలకును విమానములకును గోచరించును; ఇసుక నంటిన మరుక్షణము మున్సిపాలిటీ కూలివాని సొత్తగును.

2017 జనవరి 28వ తేదీన తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ రేవు చెంత ‘బీడబ్ల్యూ మేపుల్’, ‘డాన్ కాంచీపురం’ అను రెండు నౌకలు ఢీకొన్నవి. పర్యావరణమునకు హాని లేదని మొదట ప్రకటన వెలువడెను. మరునాటికే ఎర్ణావూరు, రామకృష్ణనగర్ కుప్పముల ఒడ్డున అలలు నల్లబడెను. ఒలికినది దాదాపు 196 టన్నుల ఫర్నేస్ ఆయిల్ అని తరువాతి లెక్కలలో తేలినది. టోరీ కాన్యన్ ప్రక్కన ఇది చిటికెడు. అయినను ఆ చమురు పలుచనిది కాదు. బెల్లపు పాకము వంటిది. ఒడ్డు కోతను ఆపుటకై వేసిన బండల సందులలో చేరి, ఇసుకతోను చెత్తతోను కలసి ముద్దకట్టెను. దానిని పీల్చుటకు తెచ్చిన యంత్రముల గొట్టములు పూడిపోయినవి. అపుడు బకెట్లు వచ్చినవి. తీర రక్షక దళమువారు, నగరపాలక సంస్థ పారిశుధ్య పనివారు, కళాశాల విద్యార్థులు, కుప్పముల జాలరులు బండలపై వరుసలు తీరి, చేదతో బావినీరు తోడినట్లు చమురును తోడి అందించుకొనిరి. దళమువాడును కూలివాడును ఒకే వరుసలో నిలచిన ఆ దృశ్యమును చూచి దేశమంతయు మెచ్చుకొనెను. నేనును మెచ్చుకొంటిని. కాని నాటి ఛాయాచిత్రములను మరల చూచినపుడు చూపు చేతులపై నిలచెను. కొందరికి తొడుగులు కలవు, కొందరికి లేవు. లేనివారు ఎవరో చెప్పనక్కరలేదు.

ఆరేండ్లు గడచెను. 2023 డిసెంబరు తొలి వారమున మిచాంగ్ తుఫాను వానలకు చెన్నపట్టణము మునిగినపుడు, మణలి పారిశ్రామిక వాడనుండి చమురు వరదతో కలసి బకింగ్‌హామ్ కాలువ గుండ ఎన్నూరు ఏటిమొగ చేరెను. అది చెన్నై పెట్రోలియం శుద్ధి కర్మాగారమునుండి వచ్చినదని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తెల్పెను. ఈ మారు ఓడలు ఢీకొనలేదు. చమురు ఇంటి మురుగువలె వచ్చినది.

ఈ కాలువ మన తెలుగువారికి పరాయిది కాదు. మదరాసునుండి ఎన్నూరు వరకు పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లలో మొదలైన త్రవ్వకము క్రమముగా నెల్లూరు, గుంటూరు సీమలకు సాగి వచ్చినది. 1877-78 కరవులో, మైసూరు దేశముతో పాటు దక్షిణాపథమంతయు ఆకటికి కుమిలినపుడు, నగరములో కూవము నదికిని అడయారు నదికిని నడుమ నున్న భాగమును కరవు కూలీలు త్రవ్విరి. ఆనాటి గవర్నరు పేరు కాలువకు నిలచినది. త్రవ్విన వారి పేర్లు ఎచ్చటను లేవు. ఆ ఏటిమొగను చేరు కొసస్థలై నది సైతము మన బంధువే. చిత్తూరు సీమ నుండి దిగు నగరి యేరు అందు కలియును. తెలుగుగంగ పథకపు కృష్ణాజలము చేరు పూండి జలాశయము ఆ నదిమీదనే యున్నది.

2023లోను తీర రక్షక దళము విమానములను పంపి కడలిపై తెట్టును పరిశీలించెను, పనిచేసెను. కాని తెట్టు పట్టినది లోతులేని ఏటిమొగను, మడ వృక్షముల వేళ్లను. అందు పెద్ద పడవ పోజాలదు. కుప్పముల వారి చిన్న పడవలే పోవలెను. కాట్టుకుప్పము మొదలైన పల్లెల జాలరులు చేపలు పట్టు పడవలలోనే కూర్చుండి ప్లాస్టికు మగ్గులతో, బకెట్లతో చమురును తోడి పీపాలకెత్తిరి. తరువాత ప్రభుత్వము 2,301 కుటుంబములకు 12,500 రూపాయల చొప్పునను, దెబ్బతిన్న 787 పడవలకు 10,000 రూపాయల చొప్పునను పరిహారము ప్రకటించెను. ఇతర కుటుంబములు 6,700కు 7,500 రూపాయల చొప్పున నిచ్చిరి.

ఏటిమొగ పోటుపాటులు, ఏ గాలికి తెట్టు ఏ వంకకు చేరును, ఏ మడ చెట్ల నడుమ రొయ్యపిల్ల దాగును అనునది దళమువారి పటములలో లేదు. జాలరి తలలో నున్నది. పరిమాణమెరుగుట, అడ్డుకట్టలు తెచ్చుట, విషవాయువును కొలుచుట జాలరికి రావు, దళమువారికి వచ్చును. కాబట్టి ఎవరు గొప్ప యని అడుగుట కంటె, ఏ గడియకు ఎవరిని పిలుచుచున్నారని అడుగుట మేలు. కార్డోవా జాలరులు తామే పోయిరి. ఎన్నూరులో వారిని యంత్రములు ఓడిన పిమ్మట పిలిచిరి. ప్రణాళికలో వారి పేరు ముందే యుండినచో తొడుగులును ముసుగులును వారి పడవలలో ముందే యుండెడివి. కూలి రేటు తుఫానుకు ముందే తేలియుండెడిది.

ఎన్నూరు, పులికాటు నీళ్లలో ఇరుళరు అను జనులు కలరు. వీరిలో పడవ గాని వల గాని లేనివారనేకులు. మొలలోతు నీట కూర్చుండి బురదలో చేతులు పెట్టి తడుముచు రొయ్యలను పట్టుకొందురు. పట్టినదానిని పండ్ల నడుమ కరచి పట్టుకొన్న తాటాకు బుట్టలో వేసికొందురు. పడవకు చమురంటినచో రుద్ది కడుగవచ్చును. వలకంటినచో దానిని పారవేసి వేరొకటి తెచ్చుకొనవచ్చును. ఆ డిసెంబరు మాసములో ఏటిమొగ అడుగున చమురు పేరుకొని యుండగా, వారు చేతులు ఎక్కడ పెట్టుదురు?