క్లాసుకి రానివాణ్ణి ఎవరడుగుతారు?

ట్రైనింగ్ అయిపోగానే మన చేతిలో ఓ ఫీడ్‌బ్యాక్ ఫారం పెడతారు కదా. క్లాసుకి రానివాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. సైనిక కుటుంబాలకిచ్చే సేవల్ని సర్వేలతో కొలిచినా ఇదే చిక్కు అని నేనంటాను.

రెండో ప్రపంచ యుద్ధంలో శామ్యూల్ స్టౌఫర్ అనే సోషియాలజిస్టు బృందం అమెరికా సైనికుల్ని లక్షల్లో సర్వే చేసింది. యుద్ధం అయ్యాక ఎవర్ని ముందు ఇంటికి పంపాలన్నదీ వాళ్ళనే అడిగారు. ఆ జవాబుల ఆధారంగానే 1945లో పాయింట్ల పద్ధతి వచ్చింది. ఒక్కో బిడ్డకి 12 పాయింట్లు, ముగ్గురి వరకు!

మనకీ 1919లోనే ఇండియన్ సోల్జర్స్ బోర్డు పుట్టింది, నేటి కేంద్రీయ సైనిక్ బోర్డు అదే. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లా, తర్వాత మెదక్, 2016 నుంచి సంగారెడ్డి. జిల్లా పేరు ఏదైనా, జిల్లా ఆఫీసులో పనిపడితే ఇక్కడి జవాను భార్య బస్సెక్కాల్సిందే. ఆఫీసుకి వచ్చినవాళ్ళకే ఫారం ఇస్తే "సేవలు బాగున్నాయి" అనే తేలుతుంది. బస్సెక్కలేని ముసలి తల్లి ఆ లెక్కలోకే రాదు.

అందుకే సర్వే హాజరుపట్టీతో కాదు, పెన్షన్ జాబితాతో మొదలవ్వాలి. రానివాళ్ళ గడపకి వెళ్ళి, "ఎందుకు రాలేదమ్మా?" అని అడగాలి.