దుష్టాశ్వం: కఠోపనిషత్తు రథరూపకం, అశ్వవిద్య

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని తృతీయవల్లి శరీరాన్ని రథంగా, ఆత్మను రథికునిగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను అశ్వాలుగా నిరూపించింది. వివేకహీనుని ఇంద్రియాలు వశం తప్పిన దుష్టాశ్వాలనీ, వివేకవంతునివి సదశ్వాలనీ అన్నది. ఈ రూపకం వినగానే చాలామంది మనస్సులో మెదిలే చిత్రం ఒకటే: పెనుగులాడే గుర్రం, బిగబట్టిన పగ్గం, పైకెత్తిన కొరడా. ఇంద్రియనిగ్రహమంటే ఇంద్రియపీడనమేనన్న అభిప్రాయం అలా స్థిరపడింది. అయితే ఆ మంత్రాలలో కొరడా ప్రస్తావన లేదు. అశ్వం దుష్టమా, సాధువా అన్నది అక్కడ సారథి విజ్ఞానాన్ని బట్టి, అతని మనస్సు యుక్తమై ఉండటాన్ని బట్టి తేలుతున్నది.

'దుష్ట' శబ్దానికి అశ్వవిద్యలో ఉన్న అర్థం తెలియాలంటే విరాటపర్వం చూడాలి. గ్రంథికుడన్న పేరుతో విరాటుని కొలువులో చేరవచ్చిన నకులుడు తన విద్యను పరిచయం చేసుకుంటాడు. అశ్వాల ప్రకృతి, వాటి వినయం, దుష్టాశ్వాలను సరిదిద్దే ఉపాయం, చికిత్స తనకు తెలుసునంటాడు. తన చేతిలో ఏ వాహనమూ బెదరదనీ, ఆడుగుర్రం సైతం దుష్టం కాదనీ, ఇక మగగుర్రాల మాట చెప్పనక్కరలేదనీ అంటాడు. భయానికీ దౌష్ట్యానికీ ఒకే వాక్యంలో చోటు దొరకడం యాదృచ్ఛికం కాదు. భయపడిన గుర్రమే తన్నుతుంది, కరుస్తుంది, రథాన్ని ఈడ్చుకొని పారిపోతుంది.

అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విషయాన్ని కన్నులకు కట్టిస్తుంది. ఒక్క పగటిలో విదర్భ చేరాలని ఋతుపర్ణుడు ఆజ్ఞాపిస్తే, బాహుక రూపంలోని నలుడు అశ్వశాలలో బక్కచిక్కిన గుర్రాలను ఎన్నుకుంటాడు. రాజు కోపిస్తాడు. రథానికి పూన్చగానే అవి మోకాళ్ళపై నేలకు ఒరుగుతాయి. ఇంకొక సారథి అయితే కొరడా అందుకునే క్షణమది. నలుడు వాటిని అనునయించి, ఆ పిమ్మట పగ్గాలు చేపడతాడు. అవి ఆకాశానికి ఎగసినట్లు పరుగెడుతుంటే, ఒకప్పుడు నలునికే సారథ్యం చేసిన వార్ష్ణేయుడు ఇతడు మాతలియా, శాలిహోత్రుడా, నలుడేనా అని విస్తుపోతాడు. ఆ విద్య పేరు అశ్వహృదయం.

క్రీ.పూ. 14వ శతాబ్దిలో మితన్ని దేశపు శిక్షకుడు కిక్కులి పేరిట హిట్టైట్ భాషలో మట్టిపలకలపై నిలిచిన గ్రంథం సుమారు 7 నెలల క్రమశిక్షణను రోజువారీగా వివరిస్తుంది. దానిలో ఐక, తేర, పంజ, సత్త అన్న సంఖ్యాపదాలను వర్తన శబ్దంతో కలిపి వాడటం సంస్కృతజ్ఞులకు వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. మేత, స్నానం, నడక, పరుగు, విశ్రాంతి అన్నీ మెట్టుమెట్టుగా పెరుగుతాయి. త్వరపాటుకు అక్కడ తావు లేదు.

యవనదేశంలో సోక్రటీసు శిష్యులిద్దరు ఈ విషయంలో భిన్నమార్గాలు పట్టారు. ప్లేటో ఫీడ్రస్‌లో ఆత్మ రెండు గుర్రాల రథం. మొండిదైన నల్లగుర్రం నోరు నెత్తురోడేదాకా సారథి కళ్ళెం గుంజుతాడు. అశ్వదళంలో పనిచేసిన జెనొఫోన్ వ్రాసిన అశ్వారోహణ గ్రంథం దీనికి విరుద్ధం: కోపంతో గుర్రం దగ్గరకు పోవద్దు, అది బెదరిన వస్తువును కొట్టి చూపించక, తానే ముందు తాకి, మెల్లగా దాపునకు నడిపించాలి, బలవంతాన చేసిన పనిలో దానికి అవగాహన ఉండదు. తత్త్వవేత్తగా ప్లేటో ఎంతటివాడైనా, గుర్రాల విషయంలో జెనొఫోన్ మాటే ప్రమాణం.

దీని వెనుక శరీరధర్మం ఉంది. గుర్రం వేటకు గురయ్యే ప్రాణి. తలకు ఇరువైపులా ఉన్న కన్నులు దాదాపు చుట్టూరా చూస్తాయి. నుదుటి ముందర, తోక వెనుక మాత్రమే కొంత కనబడదు. ఎదురుగా నిటారుగా నిలిచి తేరిచూసే మనిషి దానికి పులి వంటివాడు. చూపు దించి, భుజం ఒక ప్రక్కకు త్రిప్పి, ఊపిరి నెమ్మదించి నిలిచినవానివైపు అది చెవి మళ్ళిస్తుంది, తల దించుతుంది. పగ్గం లాగడం కన్న, గుర్రం లొంగిన మరుక్షణం సడలించడమే దానికి పాఠం. అమెరికాలో టామ్ డోరెన్స్ (1910–2003), రే హంట్ 20వ శతాబ్దిలో ప్రచారం చేసిన పద్ధతికి ప్రాణం ఈ సడలింపే. మాంటీ రాబర్ట్స్ వలయాకారపు దడిలో గుర్రాన్ని కొంతసేపు తరిమి, అది తానై దగ్గరకు వచ్చేదాకా వేచి ఉంటాడు. అలా వచ్చినది విశ్వాసంతోనా, పారిపోయే దారి లేకనా అన్న ఆక్షేపణ ఉంది. ఆ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. ఉపవాసాలతో అలసి చల్లబడిన ఇంద్రియాలను జయించానని తలచే సాధకుడికి కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు.

గీత చెప్పిన సారథి గుర్రాలతో ఎలా వ్యవహరించాడో ద్రోణపర్వంలో ఉంది. సైంధవవధ నాడు సూర్యుడు పడమటికి వాలుతున్నాడు, క్షణం విలువైనది. గుర్రాలు బాణాలు గ్రుచ్చుకొని డస్సిపోయాయి. కృష్ణుడు శత్రుసైన్యం నడుమ రథం ఆపి వాటిని విప్పాడు. అర్జునుడు నేలపై నిలిచి కాపు కాస్తూ బాణాలతో జలాశయం కల్పించాడు. కృష్ణుడు గుర్రాల ఒంటినుండి బాణాలు పెరికి, చేతులతో నిమిరి, నేలపై దొర్లనిచ్చి, నీరు త్రాగించి, స్నానం చేయించి, మేత తినిపించాడు. వాటి అలసట తీరాకనే సంతోషంతో మరల రథానికి పూన్చాడు.