ఆటమ్ నుంచి థోర్ఫిన్ దాకా: అనిమేలో మనిషి ఎదిగిన కథ

1969 అక్టోబర్‌లో ఫుజీ టీవీలో మొదలైన ‘సజాయె-సాన్’ ఇప్పటికీ ఆదివారం సాయంత్రాల్లో వస్తూనే ఉంది. ఆ ఇంటి గడుగ్గాయి కత్సువో ఇంకా ఐదో తరగతిలోనే ఉన్నాడు. అర శతాబ్దం దాటినా అక్కడ ఎవరికీ వయసు రాలేదు, ఎవరి మనసూ పెద్దగా మారలేదు. జపాన్ కుటుంబాలు ఆ కార్యక్రమాన్ని అలాగే ప్రేమించాయి. పాత్ర మారితీరాలన్న నియమం అనిమేకు పుట్టుకతో రాలేదన్నమాట. అయినా అభిమానుల మధ్య ఎడతెగని వాదం మారే పాత్రల గురించే. ఎవరి మార్పు నమ్మేలా ఉంది, ఎవరిది అతికించినట్టుంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. బలం పెరిగినంత మాత్రాన పాత్ర ఎదిగినట్టు కాదు. దాని గతం మనకు తెలిసినా ఎదిగినట్టు కాదు. ఒకప్పటి పరిస్థితే మళ్లీ ఎదురైతే ఆ మనిషి వేరేగా నడుచుకోవాలి. ఆ తేడా కోసం ఏదో పోగొట్టుకుని ఉండాలి. మధ్యలో గడిచిన కాలాన్ని ప్రేక్షకుడు కూడా అతనితో గడిపి ఉండాలి. ఈ చివరిది రచయిత ఒక్కడి చేతిలో లేదు. కథకు ఎన్ని వారాలు దొరుకుతాయో టీవీ వ్యాపారమే తేల్చింది.

1963 జనవరి 1న ఒసాము తెజుకా స్టూడియో ముషి ప్రొడక్షన్ ‘ఆస్ట్రో బాయ్’ని టీవీకి తెచ్చినప్పుడు సమస్య పాత్రల లోతు కానే కాదు. వారానికో అరగంట బొమ్మ పూర్తవడమే గండం. డబ్బు తక్కువ. బొమ్మల సంఖ్య తగ్గించారు, గీసినవాటినే మళ్లీ మళ్లీ వాడారు, ముఖం కదలకుండా నోరు మాత్రం కదిపారు. 193 భాగాల్లో చాలావరకు ఏ వారం కథ ఆ వారానిదే. చివరి భాగంలో కథానాయకుడు ఆటమ్ సూర్యుడివైపు ఎగిరిపోతాడు. గొప్ప త్యాగమే, కానీ మొదటి రోజు ఆటమ్ అయినా ఆ పని చేసేవాడే.

ఒక పాత్ర పోగొట్టుకున్నది పాఠకులకూ పోయినట్టు అనిపించిన తొలి ఘట్టం ‘అషితా నో జో’. ఇక్కి కజివారా మరో కలం పేరుతో రాయగా తెత్సుయా చిబా గీసిన ఈ బాక్సింగ్ మాంగా 1968లో మొదలైంది. కథానాయకుడి ప్రత్యర్థి రికిఇషి బరిలో గెలిచి ప్రాణం వదిలితే, 1970 మార్చిలో కోదన్షా ప్రచురణ సంస్థలో అతనికి నిజంగానే అంత్యక్రియల సభ జరిపారు. కవి షూజీ తెరయామా పూనుకున్న ఆ సభకు సుమారు 700 మంది వచ్చారు. మరి కొన్ని రోజులకే ఒసాము దెజాకి దర్శకత్వంలో అనిమే మొదలైంది. నాకు ఆ సభ కంటే దాని తర్వాతి కథే ముఖ్యం. జో ఇక ప్రత్యర్థి ముఖం మీద గుద్దలేకపోతాడు. గుద్దబోతే చేయి ఆగిపోతుంది, కడుపులో తిప్పుతుంది. పశ్చాత్తాపం మాటల్లో లేదు, చేతిలో ఉంది.

నన్నడిగితే ఈ చరిత్రకు నడిబొడ్డు 1979. ఆ జనవరిలో ఇసావో తకహాత ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ను మొదలుపెట్టి ఆదివారం రాత్రుల్లో ఏడాది పొడవునా 50 భాగాలు నడిపాడు. యోషిఫుమి కొందో గీసిన ఆన్ మొదట నుదురు పెద్దదిగా, సన్నటి చేతులతో, అందం ఊసే లేని పిల్ల. వసపిట్టలా వాగుతూనే ఉంటుంది. ఏడాది గడిచేకొద్దీ ఆ ముఖమే నిదానంగా మారుతుంది, ఎత్తు పెరుగుతుంది, మాటలు తగ్గుతాయి. పెంచిన మరిల్లా ఒకనాడు పిల్ల తనకంటే పొడుగైందని గుర్తిస్తుంది. ఆమెకు కలిగిన దిగులు మనకూ కలుగుతుంది, ఎందుకంటే ఆ వాగుడును మనమూ నెలల తరబడి విన్నాం. మరిల్లా అన్న మాథ్యూ పోయాక, కళ్లు మందగిస్తున్న మరిల్లాను వదల్లేక ఆన్ స్కాలర్‌షిప్‌ను వదులుకుంటుంది. మొదటి రోజు నుంచీ ప్రతి మాటనూ వేడుకలా చెబుతూ ఊహల్లో తేలిన పిల్ల, ఈ నిర్ణయాన్ని మాత్రం ఏ హడావిడీ లేకుండా చెబుతుంది. ఇంత ఓపికగా ఒక మనిషిని పెంచిన ధారావాహిక మరొకటి నేను చూడలేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో యోషియుకి తొమినో ‘మొబైల్ సూట్ గండమ్’ వచ్చింది. పదిహేనేళ్ల అమురో యుద్ధంలో ఇరుక్కుంటాడు. ఒక భాగంలో ఇక పోనని మొరాయిస్తే ఓడ కెప్టెన్ చెంప ఛెళ్లుమనిపిస్తాడు. అభిమానులకు ఆ చెంపదెబ్బే గుర్తు. నేను మాత్రం 13వ భాగం చూడమంటాను. అమురో చాలాకాలానికి తల్లిని కలుస్తాడు. శరణార్థుల శిబిరంలో పడక మీద దుప్పటి కప్పుకుని దాక్కుంటే శత్రు సైనికులు సోదా చేస్తూ వస్తారు. దుప్పటి కింద నుంచే తుపాకీ పేలుస్తాడు. తల్లి నిర్ఘాంతపోతుంది, తన బిడ్డ ఇలా తయారయ్యాడేమిటని నిలదీస్తుంది. వెళ్లేటప్పుడు అమురో తల్లిని కౌగిలించుకోడు, సైనికుడిలా సెల్యూట్ చేసి కదులుతాడు. ఎదుగుదలంటే మంచివైపు వెళ్లడమేనన్న నమ్మకం ఆ సెల్యూట్‌తో చెదిరిపోతుంది. అప్పట్లో రేటింగులు రాక 52 భాగాల ప్రణాళికను 43కు కుదించారు. తర్వాత బొమ్మల కిట్లు, 1981, 82ల్లో సినిమాలు వచ్చాకే అది ప్రభంజనమైంది.

1980ల చివర్నుంచి మగపిల్లల కోసం తీసే షోనెన్ ధారావాహికల రాజ్యం. కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘డ్రాగన్ బాల్ జీ’ చూసి పెరిగిన మన కుర్రాళ్లు కథానాయకుడు గోకు జుట్టు బంగారు రంగుకు మారడాన్నే మహా మలుపంటారు. నిజమైన మలుపు వెజీటాది. ఒకప్పుడు భూమిని నాశనం చేయబోయినవాడు, ఏళ్ల తర్వాత ఆ భూమి కోసమే చావబోతూ కొడుకును మొదటిసారి దగ్గరకు తీసుకుంటాడు. ‘వన్ పీస్’ నాయకుడు లూఫీ సంగతి వేరు. ఆ ధారావాహిక 1999 నుంచి నడుస్తున్నా అతని స్వభావం దాదాపు అలాగే ఉంది, చుట్టూ ఉన్నవాళ్లే మారుతున్నారు. అది లోపం కాదు, కథ ఎంచుకున్న దారి.

ఎదగడానికి మొండికేసిన పాత్రను 1995లో హిదెయాకి అన్నో ‘ఎవాంజెలియన్’లో చూపించాడు. పద్నాలుగేళ్ల షింజి ఒక అడుగు ముందుకేస్తే రెండడుగులు వెనక్కి వేస్తాడు. చివరి రెండు భాగాలు పోరాటాన్ని వదిలి అతని మనసులోకి వెళ్తే అభిమానులు మండిపడ్డారు. 2021లో వచ్చిన ఆఖరి సినిమాలో షింజి రోజుల తరబడి పలకకుండా కూర్చుంటాడు, ఒకరోజు తిండి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడుస్తాడు, చివరికి తండ్రికి ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. ప్రేక్షకులు పాతికేళ్లు ఎదురుచూశారు గనకే ఆ సంభాషణకు అంత బరువు.

ఎవాంజెలియన్ తర్వాత అర్ధరాత్రి ప్రసారాలు పెరిగి, 12, 13 భాగాల సీజన్లు మామూలైపోయాయి. కాలం కరువైనచోట ఫ్లాష్‌బ్యాక్ అడ్డదారి అయింది. విలన్ చనిపోయే ముందు అతని కన్నీటి బాల్యం చూపిస్తే జాలి పుడుతుంది, కానీ అతను మారాడని రుజువు కాదు. 2025లో తెలుగు డబ్బింగ్‌తోనూ మన థియేటర్లకు వచ్చిన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’లో విలన్ అకాజా కథ ఈ గీత దాటిందనే అంటాను. అతను గతం గుర్తుకు రావడంతోనే ఆగిపోలేదు, దెబ్బను తన మీదికే తిప్పుకున్నాడు.

మన కాలంలో ఈ కళకు అసలైన వారసుడు ‘విన్‌లాండ్ సాగా’. 2019లో మొదటి సీజన్ అంతా థోర్ఫిన్‌కు పగే ఊపిరి. నీకు శత్రువులెవరూ లేరని తండ్రి చెప్పిన మాట చెవికెక్కదు. 2023 నాటి రెండో సీజన్‌లో అతను డెన్మార్క్‌లో బానిస. అడవి నరుకుతాడు, మొద్దులు పెకలిస్తాడు, గోధుమ చల్లుతాడు. చివర్లో రాజును కలవాలంటే అంగరక్షకుడి చేతిలో వంద గుద్దులు తినాలి. తింటాడు, చేయి ఎత్తడు. ఒకప్పుడు పిడిబాకు తప్ప మరో మాట తెలియని ఆ పిల్లవాడు, తనకు శత్రువులు లేరని తండ్రి మాటే అంటాడు.

ఆ రెండో సీజన్‌లో యుద్ధాలు లేవని, పొలం పనులేమిటని మూడు, నాలుగు భాగాలకే ఆపేసినవాళ్లు చాలామంది నాకు తెలుసు. దయచేసి మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చూడండి.